నాన్న ఏ వరుసలోకి వస్తాడు?

సైనికుల పిల్లల కోటాలో కాలేజీ సీటు కోసం మా మేనకోడలు పింకీని తీసుకుని ఈ రోజు సైనిక సంక్షేమ ఆఫీసుకి వెళ్లాను. దాని తండ్రి, అంటే మా బావ, ఆర్మీ డ్రైవరు. నాలుగేళ్ల కిందట డ్యూటీలో ఉండగానే కొండదారిలో లారీ లోయలో పడి చనిపోయాడు. శవపేటిక వచ్చిన రోజు, మేముండే సర్కండాలో మా వీధంతా జెండాలే. మైకులో అమరవీరుడన్నారు.

గుమాస్తా ఫైలు తిరగేసి, "బుల్లెట్ తగిలిందా, యాక్సిడెంటా?" అని హిందీలో మెల్లగా అడిగాడు.

"యాక్సిడెంట్, సర్," అని పింకీయే చెప్పింది.

"అచ్ఛా. అయితే మూడో వరుస, బేటీ. యుద్ధంలో పోయినవాళ్ల, గాయపడ్డవాళ్ల పిల్లలవి మొదటి రెండు వరుసలు. సీట్లు వాళ్లకే అయిపోతాయి," అంటూ ఫైలుని అడుగు కట్టలోకి తోశాడు. చెడ్డవాడేం కాదు, మాకు టీ కూడా తెప్పించాడు.

తిరిగొస్తూ ఆటో అర్పా నది వంతెన ఎక్కాక పింకీ అడిగింది: "మావయ్యా, నాన్నకి బుల్లెట్ తగిలుంటే నాకు సీటు వచ్చీదేటి?"

"తప్పమ్మా, అలా అడక్కూడదు," అని కసిరాను.

ఆఫీసులో అతను అదే అడిగినప్పుడు మాత్రం టీ తాగుతూ కూర్చున్నాను. మీరైతే ఎవరిని కసిరేవారు?