ఎడమచేతి రామాంజనేయులు

డాక్టర్ రామాంజనేయులుకు ఉన్న జబ్బు ఒక్కటే. ఆపరేషన్ థియేటర్ దాటి బయటికొచ్చాడంటే ప్రతి పనీ ఎడమచేత్తోనే చేస్తాడు. పుట్టు ఎడమచేతివాటమా అంటే అదీ కాదు. నిక్షేపంలాంటి కుడిచేయి ఉంది. ఆర్నెల్ల క్రితం ఉన్నట్టుండి దాన్ని జేబులో పెట్టేశాడు.

తార్నాకలో సుష్మ అనే అమ్మాయి వాళ్ళ మేడమీద గదిలో అద్దెకుంటూ జనరల్ సర్జరీ పీజీ రెండో ఏడు చదువుతున్నాడాయన. ఎడమచేత్తో గడ్డం గీసుకున్న మొదటి రోజు వార్డులో పేషెంట్లే లేచొచ్చి ఆయన్ని పరామర్శించారు.

పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర నోటు చాపితే బండివాడు కుమార్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏంది డాక్టర్ సాబ్! బోణీ టైంల ఎడమచెయ్యి చాపుతున్నవ్?"

"సర్జన్ అన్నోనికి రెండూ కుడిచేతులే, కుమార్ భాయ్."

"గట్లనా? రెండూ ఒక్కటే అయితే గా జేబుల ఉన్నదానితోని ఇయ్యరాదు?"

సుష్మ వాళ్ళమ్మ రాజేశ్వరిది కర్నూలు. ఉద్యోగం యూనివర్సిటీ ఆఫీసులో. ఆవిడ వ్రతం చేసుకున్న రోజు తీర్థానికి ఎడమచేయి పట్టాడు మహానుభావుడు. పంతులుగారి ఉద్ధరిణి గాలిలోనే ఆగిపోయింది.

"నాయనా, ఆ చేయి కాదు."

"దీనికే ప్రాక్టీసు కావాలండీ."

"తీర్థం తాగడానికి ప్రాక్టీసేమిటయ్యా?"

"నా పుణ్యమంతా ఎడంచేత్తో ఎత్తుకపోతాండాడు ఈ అబ్బి!" అని రాజేశ్వరి నెత్తి కొట్టుకుంది.

యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇంకా ఘోరం. వాకింగ్‌కు వచ్చిన పెద్దలను బతిమాలి బెంచీమీద కూర్చోబెట్టి, వాళ్ళ బూటు లేసులకు ఒంటి ఎడమచేత్తో ముడులు వేసేవాడు. ఇంటికెళ్ళాక కత్తెరతో కోస్తే తప్ప ఆ బూట్లు ఊడేవి కావు. దాంతో దూరంగా ఆయన తల కనబడగానే రిటైరైన ప్రొఫెసర్లు సైతం పరుగందుకునేవారు.

అందరూ నవ్వుకునేవారు కానీ సుష్మకు ఒళ్ళు మండేది. ఆమెది పుట్టు ఎడమచేయి. ఎంబీబీఎస్ మొదటి ఏడు నుంచీ సర్జన్ కావాలనే ఆశ. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు కత్తెరతో ఆమె తడబడటం చూసి పెద్ద డాక్టరొకాయన, "ఎడమచేతివాళ్ళకు సర్జరీ దేనికమ్మా? ఇంకేదైనా చూసుకో" అనేశాడు. పనిముట్లన్నీ కుడిచేతికి చేసినవే, నేర్పేవాళ్ళదీ కుడిచేయే. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది. పీజీ ఎంట్రన్సులో సర్జరీ సీటు వచ్చే ర్యాంకే వచ్చినా, కౌన్సెలింగ్ ఆప్షన్లలో పాథాలజీ మొదట పెట్టింది. వాటిని ఖాయం చేసి లాక్ చేయడానికి గడువు చివరి రోజు సాయంత్రం ఐదింటి వరకే.

ఆ రోజు నాలుగున్నరకు క్యాంపస్ లైబ్రరీ మెట్లమీద లాప్‌టాప్ ముందు కూర్చుని ఏడుపు దిగమింగుకుంటుంటే రామాంజనేయులు వచ్చాడు. ఎడమచేత్తో టీ అందించబోయి సగం ఆమె చున్నీమీద పోశాడు. అంతే, ఆమె కోపం కట్టలు తెంచుకుంది.

"ఆర్నెల్ల సంది చూస్తున్న! నా చెయ్యి చూసి ఎక్కిరిస్తున్నవ్ కదా అన్నా?"

ఆయన ముఖం పాలిపోయింది. సంచిలోంచి లావుపాటి నోటుపుస్తకం తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. లోపల ఒకటో తరగతి పిల్లల రాతలాంటి వంకర అక్షరాలు. పేజీ పేజీకీ ఎడమచేయి బొమ్మ: కత్తెర ఎలా పట్టాలి, ముడి ఎలా వేయాలి, కుడిచేతివాళ్ళు తోసే చోట ఎడమచేతివాళ్ళు ఎలా లాగాలి.

"ఆ పెద్ద డాక్టరు నిన్నన్న మాట నా చెవినా పడింది. నీకు నేర్పుదామంటే మా యూనిట్లో ఎడంచేయోళ్ళు ఎవురూ లేరమ్మా. అడుగుదామంటే మనిషి లేడు. అందుకే నేనే అయినా. రోజంతా దాంతో బతికితే గదా యాడ అడ్డమొస్తాదో తెలిసేది."

"ముందే చెప్పొచ్చు కదా?"

"నాకే రాకుంటే నీకేం చెప్పేది? ఆఖరి ముడి నిన్ననే కుదిరింది. ఇంక నువ్వు సర్జరీ పెట్టు, తల్లీ."

సుష్మ ఏడుస్తూనే నవ్వేసింది. జనరల్ సర్జరీని అన్నిటికన్నా పైకి లాగి, ఐదుకు పది నిమిషాలుండగా లాక్ చేసింది. ఇన్నాళ్ళూ తిట్టుకున్న మనిషిని చూస్తే ఆమెకు సిగ్గూ, ప్రేమా ఒకేసారి ముంచుకొచ్చాయి.

"అన్నా, ఇగ నువ్వు కుడిచెయ్యి వాడుకో."

"యాడమ్మా! ఇది ఫస్టియర్ పుస్తకమే. కోర్సు మూడేండ్లు గదా" అన్నాడాయన.

తార్నాక జనం ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టాలన్నమాట.