నిమ్మకాయల మీద తోసిన కారు

బాపు టాక్సీ నడపడం మానేశాక ఆయన పాత డీజిల్ కారు ఇబ్రహీంపట్నంలో మా రేకుల షెడ్డు కింద ఎనిమిదేళ్లు కదలకుండా ఉంది. కదలకుండా అంటే అబద్ధమే. ప్రతి దసరాకు దాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల ముందు నిమ్మకాయలు ఉంచేవాళ్లం. అవి నలగాలి కదా, అందుకని న్యూట్రల్‌లో వేసి మూరెడు ముందుకు తోసేవాళ్లం.

"గేర్ల ఏసి జర గట్టిగ తోయుండ్రి బిడ్డా, ఇంజన్ తిరుగుతది," అనేవాడు బాపు ఏటేటా.

"వచ్చే దసరాకు సూద్దాం తియ్యి," అనేవాణ్ణి నేను. కొత్త బట్టలు చెమటకు తడుస్తాయని నా ఏడుపు.

ఈ ఏడు బుద్ధి పుట్టి, శేరిగూడ నుంచి మెకానిక్‌ను పిలిపించాను. ఇంజన్ విప్పితే పిస్టన్లు తుప్పు పట్టి సిలిండర్లను కరుచుకుని ఉన్నాయి.

"పూజలు మస్తు జేసిండ్రు గని అన్నా, ఏడాదికి ఒక్కసారన్న ఇంజన్ తిప్పితే గిట్ల పట్టుకపోకుండె," అన్నాడతను. నాకు తల కొట్టేసినట్టయింది.

సిలిండర్లకు బోరింగ్ చేయించి, పిస్టన్లు, రింగులు కొత్తవి వేయించేసరికి నెల పట్టింది. ఒకప్పుడు ఆ ఇంజన్ చప్పుడు విని ఎక్కడ ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు బాపు. ఆయనకు చెవులు పూర్తిగా పోయి రెండేళ్లయింది.

తాళం తిప్పగానే వాడకట్టంతా దద్దరిల్లింది. అరుగు మీద కూర్చున్న బాపు నా మొహంలోకి చూసి అడిగాడు.

"ఏమాయె బిడ్డా, ఇంక స్టార్ట్ గాలేదా?"