మామగారి పావుగంట

యూనివర్సిటీ పాత హాలు గోపురంలో గడియారానికి కీ ఇచ్చే మనిషిని అందరూ గడియారం బాబాయి అనే పిలిచేవారు. ఆ ఉద్యోగం ఆయనకు మామగారి నుంచి వచ్చింది. పిల్ల కూడా అక్కడి నుంచే వచ్చిందనుకోండి. "ముందు గడియారం చూడు, మా అమ్మాయిని తర్వాత చూద్దువు గాని" అన్నాడట ఆ పెద్దమనిషి.

మామగారిది మహా గట్టి బుర్ర. కుర్రాళ్ళు పరీక్షలకు ఆలస్యంగా వస్తున్నారని, ఎవరికీ చెప్పకుండా గడియారాన్ని పావుగంట ముందుకు జరిపేశాడు. కుర్రాళ్ళేమైనా తక్కువ తిన్నారా? నెల తిరక్కుండానే కనిపెట్టేశారు. అప్పటి నుంచి అక్కడ అందరూ గడియారం చూసి, మనసులో పావుగంట తీసేసి నడుస్తారు. జేబుల్లోకి ఫోన్లు వచ్చినా సరే, కళ్ళు గోపురం మీదికే పోతాయి. అలవాటంటే అలవాటే మరి!

హాలుకీ వయసు మీద పడింది. తొలి తరగతులు జరిగిన చోటే తర్వాత పరీక్షలు జరిగాయి, ఆ తర్వాత విరిగిన బెంచీలకు గోడౌనైంది, చివరికి పైకప్పు మీద మొక్కలు మొలిచాయి. ఎట్టకేలకు బాగుచేయించడం మొదలుపెట్టారు. సిమెంటు పెచ్చులు రాల్చి సున్నం పూశారు. కుళ్ళిన దూలాలు మార్చారు. తలుపుల మీద పేరుకున్న రంగులు గీకేస్తే కింద టేకు తళతళలాడింది. బాబాయి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు!

ఇంతలో ఇంజినీరు బాంబు పేల్చాడు. "కీ గడియారం ఇంకెందుకండీ? కరెంటుది పెట్టేద్దాం." బాబాయి గుండెల్లో రాయి పడింది. కరెంటుది వస్తే ఇక తన పని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడమే. పరుగున కొత్త వీసీ మేడమ్ దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాడు.

"ప్రారంభోత్సవం నాడు సరిగ్గా పదింటికి పది కొట్టించండి. కొడితే పాతదే ఉంటుంది, లేదంటే కరెంటుదే" అంది ఆవిడ.

సరిగ్గా అంటే సరిగ్గానే! బాబాయి మిషనంతా విప్పి, తుడిచి, నూనె వేసి, మామగారి పావుగంటను వెనక్కి తిప్పేశాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే పిన్ని కళ్ళు తుడుచుకుంది.

"నాన్న గుర్తుగా అదొక్కటే మిగిలింది కదండీ!"

"గడియారమే పోతే ఇంకేం గుర్తే, పిచ్చిదానా? రేపు కొత్త చీర కట్టుకొచ్చి ముందు వరుసలో కూర్చో."

మర్నాడు పొద్దున్నే గోపురానికి కట్టిన పరదా తీశారు. ఖంగు ఖంగుమని పది కొట్టింది. వీసీ మేడమ్ వాచీ చూసుకుని తల ఊపింది. మీసం మెలేయబోయిన బాబాయి హాలు వైపు చూసి నీరుగారిపోయాడు. కుర్చీలన్నీ ఖాళీ! వేదిక మీద మేడమ్, ఇంజినీరు, మూల మైకు సర్దే మనిషి. అంతే.

"జనమేరండీ?" అంది మేడమ్ చిన్నబుచ్చుకుని.

"ఆ గడియారాన్ని ఎవరూ పట్టించుకోరని చెప్పానుగా" అన్నాడు ఇంజినీరు.

టైము దిద్దిన సంగతి పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పలేదని అప్పుడు వెలిగింది బాబాయి బుర్రలో!

పెద్ద ముల్లు మూడు మీదికి వచ్చిందో లేదో, నాలుగు వైపుల నుంచీ జనం. ప్రొఫెసర్లు, గుమాస్తాలు, తోటమాలులు, విద్యార్థులు, అందరూ ఒక్కసారే! ఆలస్యమైందన్న జాడ ఒక్కరి ముఖంలోనూ లేదు. వాళ్ళ మధ్యలో కొత్త చీరలో, తీరిగ్గా, పిన్ని!

"అన్నీ తెలిసి నువ్వు కూడానా?" అన్నాడు బాబాయి పళ్ళు నూరుతూ.

"నా మతి మండ! పది కొట్టడం విన్నానండీ. ఇంకా పావుగంట ఉందిలే అని జడ వేసుకుంటూ కూర్చున్నా."

ఇక దాచి లాభం లేదని బాబాయి మేడమ్‌కి కథంతా చెప్పేశాడు. ఆవిడ ముందు తెల్లబోయింది, తర్వాత మైకులో అందరికీ వినిపించేలా పకపకా నవ్వింది.

"ఇంతమంది కాళ్ళను నడిపించే గడియారాన్ని తీసేస్తే నన్ను బతకనిస్తారా? కీ మీ దగ్గరే ఉంచుకోండి. కాకపోతే ఒక్క షరతు. వచ్చే వారం పరీక్షలు, ఆ పావుగంటను మళ్ళీ ముందుకు జరపండి."

సభ అవగానే బాబాయి పిన్నిని వెంటబెట్టుకుని గోపురం ఎక్కాడు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. ముల్లు తిప్పే పిడి ఆవిడ చేతికే ఇచ్చాడు. ఆవిడ తిప్పుతూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

"అమ్మో, నాన్నది ఏం పట్టండీ! పోయాక కూడా ఇంతమంది చేత మాట వినిపించుకున్నాడు."