పైడిరాజు మాస్టారి ఒత్తు

దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. పెళ్ళి మేళాలకు వెళ్ళి చీకట్లో ఇంటికొస్తూ శ్మశానాల పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. ఒక్కసారి కూడా నన్నెవరూ పలకరించలేదు. బతికున్నవాళ్ళు పెట్టే బాధలు చాలవా, పోయినవాళ్ళు కూడా వచ్చి పెట్టాలా అని వాదించేవాణ్ణి. ఇప్పుడు చెప్పేది నాకే మింగుడుపడని సంగతి. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మాది రావికమతం. సన్నాయి మా ఇంటి పని. నాన్న గుళ్ళో, పెళ్ళిళ్ళలో ఊదేవాడు. నాకు మాత్రం డిప్లొమా చేసి సర్కారు కొలువులో సన్నాయి మాస్టారు కావాలని పిచ్చి. అందుకే నర్సీపట్నంలో ప్రభుత్వ సంగీత పాఠశాలలో చేరాను.

గాత్రం, వీణ, వయొలిన్ వాళ్ళవి ముందు గదులు. ఫ్యాన్లు, కార్పెట్లు అన్నీ ఉండేవి. సన్నాయి, డోలు నేర్చుకునే మాకు వెనక సైకిల్ స్టాండు దాటాక రేకుల షెడ్డు. "మీ చప్పుడుకి అదే నయం" అన్నారు ఆఫీసులో. చప్పుడట! వాళ్ళిళ్ళలో పెళ్ళిళ్ళు ఏ చప్పుడూ లేకుండానే అయ్యాయా అని అడగాలని నోటిదాకా వచ్చింది.

మా మాస్టారు పైడిరాజు గారిది పక్కనే బలిఘట్టం. నేను చేరిన మరుసటి ఏడాదే ఆయన రిటైరయ్యారు. ఆ పోస్టులో ఇంకెవరినీ వెయ్యలేదు. ఇదిగో వేస్తున్నాం, అదిగో వేస్తున్నాం అంటూ నెట్టుకొచ్చారు. నాతో చేరినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి సన్నాయికి నేనొక్కణ్ణి, డోలుకు నూకరాజు మిగిలాం. ఈసారి సన్నాయిలో ఒక్కడైనా డిప్లొమా పాసైతే శాఖ ఉంటుందని, లేకపోతే ఎత్తేస్తారని పైనుంచి మాట వచ్చింది. ఉంటే ఆ ఖాళీ పోస్టుకు నేనే మొదటివాణ్ణి. అదీ నా ఆశ.

మాస్టారు మాత్రం రిటైరయ్యాక కూడా సైకిలు తొక్కుకుంటూ వచ్చేవారు. జీతం లేదు. ఆయన కుర్చీని కూడా ఆఫీసుకు పట్టుకుపోయారు. చాప మీద కూర్చుని పాఠం చెప్పేవారు.

ఇక్కడ ఒత్తు సంగతి చెప్పాలి. ఒత్తు అంటే శ్రుతి సన్నాయి. పాట పలకదు. పక్కన కూర్చున్నవాడు దాని మీద ఒకే స్వరాన్ని తెగకుండా ఊదుతూ ఉంటే, దాన్ని ఆధారం చేసుకుని అసలు వాయిద్యగాడు రాగం పలికిస్తాడు. మాలో శిష్యుడు గురువుకు ఒత్తు పట్టాలి. ఏళ్ళ తరబడి అలా పట్టాకే చేతికి సన్నాయి ఇస్తారు. గురువు శిష్యుడికి పట్టడమనేది మా కులంలో ఎవరూ విని ఉండరు.

నాకు పట్టడానికి మనిషి లేడు. ఒకరోజు మాస్టారే ఒత్తు తీసి నోట పెట్టుకోబోయారు. నేను గాభరాపడి ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

"ఏటయిపోద్దిరా? శ్రుతి తప్పి ఊదితే తప్పు గానీ ఇదేటి తప్పు? నువ్వు ఊదు. నాను పడతాను" అన్నారు.

ఆయనకు ఉబ్బసం. ఒత్తు పట్టేవాడు బుగ్గల్లో గాలితో ఊదుతూనే ముక్కుతో గాలి పీల్చుకోవాలి. ఆయన పీల్చినప్పుడల్లా ఛాతీలోంచి సన్నగా పిల్లికూత వచ్చేది. పోనుపోను అది కూడా శ్రుతిలో భాగమే అన్నట్టు నా చెవికి అలవాటైపోయింది.

"పరీక్ష రోజున కూడా నానే పడతాన్రా. ఆ కరెంటు డబ్బాని నమ్ముకోకు" అనేవారు. డబ్బా అంటే ఆఫీసు వాళ్ళు కొన్న ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె.

పరీక్షలింకా రాకుండానే ఉబ్బసం ఎక్కువై మాస్టారు పోయారు. పాఠశాల నుంచి ఒక్క పూలదండ రాలేదు. రిటైరైన మనిషి కదా, మా స్టాఫు కాదన్నారట. నేను ఊదుతుంటే నూకరాజు వాయించాడు, అలా సాగనంపాం. ఆయన ఒత్తును షెడ్డు లోపలి చిన్నగదిలో మేకుకు తగిలించారు. అటెండరు అప్పలమ్మ ఆ గదికి తాళం వేసింది.

పరీక్ష మా షెడ్డులోనే, పొద్దున పూట. మండుటెండలు. బయటి ఊరి నుంచి పెద్దాయన ఒకరు ఎగ్జామినరుగా వచ్చారు. మా ఫోన్లు ఆఫీసులోనే తీసేసుకున్నారు. శ్రుతి పెట్టె ఆన్ చేశారు. కాంభోజి ఆలాపన చెయ్యమన్నారు. ఎత్తుకున్న కాసేపటికే కరెంటు పోయింది, పెట్టె మూగబోయింది.

సన్నాయిలో స్వరం పెదవి మీద ఉంటుంది. ఆధారం లేకపోతే తెలియకుండానే పైకి పాకుతుంది. నాది పాకుతోందని నాకు తెలుస్తూనే ఉంది. నూకరాజు మొహంలో కూడా కనిపిస్తోంది. అయిపోయింది, మాస్టారి కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే అనుకుని కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు లోపలి గదిలోంచి ఒత్తు మొదలైంది.

సరిగ్గా నా సన్నాయి శ్రుతికే. పాపం ఆఫీసు వాళ్ళకు బుద్ధొచ్చి ఎవరినో కూర్చోబెట్టారనుకున్నాను. పైకి పాకిన స్వరాన్ని సర్దుకున్నాను. రాగం నా చేతికొచ్చింది. పై షడ్జం మీద నిలబడి ఉండగా, ఒత్తు వెనకనుంచి సన్నటి పిల్లికూత వినిపించింది. కాసేపటికి మళ్ళీ.

అది ఎవరి ఛాతీలోదో నాకు తెలుసు. వేళ్ళు మాత్రం ఆగలేదు. కళ్ళు తెరిస్తే అది ఆగిపోతుందేమోనని భయమేసి, ముగించేదాకా తెరవలేదు. నేను సన్నాయి దించిన వెంటనే లోపల కూడా ఆగింది.

ఎగ్జామినరు గారు సంతోషంగా, "ఆ ఒత్తు పట్టిన అబ్బాయిని ఒకసారి పిలవండి. ఈ రోజుల్లో అంత నిలకడ ఎక్కడిది!" అన్నారు.

అప్పలమ్మ నోరు తెరిచింది. "ఒత్తేటి బాబూ? పట్టీవోలు ఎవులున్నారిక్కడ? ఆ గదికి తాళం నానే ఏసినాను" అంది.

"నేను విన్నానమ్మా. తియ్యండి" అన్నారాయన.

తీసింది. గదిలో ఎవరూ లేరు. కిటికీ లేదు, ఇంకో తలుపు లేదు. ఒత్తు మేకుకే వేలాడుతోంది, దాని మీద దుమ్ము దుమ్ముగానే ఉంది. దాని కొసన, నోట పెట్టుకునే చోట రెల్లు పీక ఉంటుంది. అది ఎండిపోతే పలకదు, ఉమ్మితో తడిపి నానబెట్టాలి. నేను వేలితో ముట్టుకున్నాను. తడిగా ఉంది. ఎగ్జామినరు గారు కూడా ముట్టుకుని, వేలు పంచెకు తుడుచుకుని వెళ్ళిపోయారు.

రేకు కారిందనుకుందామంటే వాన లేదు. నేను భ్రమపడ్డానంటే మరి ఎగ్జామినరు గారో? నూకరాజుని ఇప్పుడడిగినా, "ఆ ఊసెత్తకురా బాబూ" అని బేగి మాట మార్చేస్తాడు.

ఫస్టు క్లాసు వచ్చింది. ఆ సెలవుల్లోనే సన్నాయి శాఖ ఎత్తేశారు. ఒక్కడు పాసైతే చాలదట, కొత్తగా చేరేవాళ్ళు కూడా ఉండాలట. చెప్పే మాస్టారు లేనిచోట ఎవడు చేరతాడయ్యా అని ఆఫీసులో అరిచాను. బయటికి నడవమన్నారు. మాస్టారి ఒత్తైనా ఇమ్మంటే, అది పాఠశాల స్టాకు సామాను, ఇవ్వడం కుదరదన్నారు. తర్వాత పాత ఇనుముతో పాటు దాన్నీ తూకానికి వేసేశారు. షెడ్డులో ఇప్పుడు బైకులు పెడుతున్నారు.

నేను పెళ్ళిళ్ళకు ఊదుతున్నాను. "తాళి టైముకి ఊదితే చాలు, మిగతాది డీజే చూసుకుంటాడు" అంటారు. డిప్లొమాకు అద్దం కట్టించి గోడకు తగిలించింది మా అమ్మ. దాన్ని చూస్తే కడుపు మండుతుంది.

ఆ రోజు మోగింది ఏమిటో నాకు తెలియదు. మాస్టారే అయితే ఇంకోటి కూడా అర్థం కాదు. పోయినవాళ్ళకు ముందు జరిగేదంతా తెలుస్తుందంటారు. ఆ కాగితం ఎందుకూ పనికిరాదని తెలిసి కూడా ఎందుకొచ్చినట్టు? బతికుండగానే ఆ మనిషికి ఊపిరి ఆడేది కాదు.