పంతులమ్మకే రాని ఇంగ్లీషు

నా చిన్నప్పుడు మా లక్డారంలో ఇంగ్లీషు అంటే ఫ్యాక్టరీ ఆఫీసర్లు జీపులో కూర్చుని మాట్లాడుకునే భాష. దాన్ని మా వాకిట్లోకి తెచ్చింది పక్కింటి అక్క. సంగారెడ్డిలో తెలుగు మీడియంలో డిగ్రీ చదివింది. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం, అక్క పాడితే వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి వినేవాళ్ళు. ఒక వేసవిలో నన్నూ ఇంకో నలుగురు పిల్లలనూ పిలిచి, రోజూ సాయంత్రం అందరం కలిసి ఇంగ్లీషు నేర్చుకుందాం అంది.

అది బడిలా ఉండేది కాదు. నాట్లప్పుడు మా అమ్మావాళ్ళు పాడుకునే రాగానికి అక్క ఇంగ్లీషు మాటలు కట్టేది. వాన, బర్రె, గొడుగు అన్నీ ఆ పాటలో పరుగెత్తేవి. తర్వాత తలా ఒక జోకు చెప్పాలి. "మై హెన్ గో స్కూల్. టీచర్ ఆస్క్ హోంవర్క్. హెన్ గివ్ ఎగ్" అని నేను చెప్పిన రోజు అక్క కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. వారం రోజులు ఆ గర్వంతోనే తిరిగాను. చివర్లో ఒక్కొక్కరం లేచి, ఎవరి గురించి వాళ్ళు రెండు నిమిషాలు మాట్లాడాలి.

నాకు ఒక్కటే అంతుబట్టేది కాదు. అక్క తన వంతు ఎప్పుడూ ఆఖరుకు పెట్టుకునేది. లేచి పేరు చెప్పేది, ఊరు చెప్పేది, అక్కడ ఆగిపోయేది. ఓణీ కొంగు వేలికి చుట్టుకుంటూ "ఇగ పొద్దుపోయింది, ఇంటికి పోండ్రి" అని మమ్మల్ని పంపించేసేది. అంత బాగా పాడే మనిషికి మాట ఎందుకు రాదు? అనుమానాన్ని కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు. ఒక సాయంత్రం ఆమె అలా ఆగిపోగానే అందరి ముందూ అడిగేశాను.

"అక్కా, పంతులమ్మవు నీకే రాకపోతే మాకేం నేర్పిస్తవ్?"

పిల్లలంతా గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. అక్క ముఖం చిన్నబోయింది. లోపలికి వెళ్ళింది. అప్పుడు నాకు భయం వేసింది. కాసేపటికి ఒక కవరు పట్టుకుని వచ్చి మా మధ్యలో కూర్చుంది.

"పోయిన నెల కాజీపల్లిల మందుల కంపెనీకి ఇంటర్వ్యూకు పోయిన. అంతా ఇంగ్లీషే. పేరు చెప్పిన, ఇగ నోరు పెగల్లే. సోమవారం రమ్మని ఇంకో కంపెనోళ్ళు గీ కాయితం పంపిన్రు. గిది గూడ పోతే పొలం పనికి రమ్మంటున్నడు మా నాయిన. నాకు రాదే. మీరే నేర్పియ్యాలె."

పెద్దవాళ్ళు తమకు రాదని ఒప్పుకోవడం నేను అంతవరకూ వినలేదు.

మర్నాటి నుంచి మేమే ఆఫీసర్లం. పటాన్‌చెరు ఇనుప ఫ్యాక్టరీలో పనిచేసే మా నాన్న హెల్మెట్ పెట్టుకుని నేను పీట మీద కూర్చున్నాను. ఎందుకొచ్చావు, ఏం తిన్నావు, మా కంపెనీ నీకెందుకు నచ్చింది అని మాకు వచ్చిన ఇంగ్లీషులో దబాయించేవాళ్ళం. ఎవరికీ తెలియని మాట వస్తే అట్టలు ఊడిపోయిన డిక్షనరీలో అందరం తలలు దూర్చేవాళ్ళం. ఆమె తడబడితే ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. ఆదివారం నాటికి అక్క రెండు నిమిషాలు దాటి మాట్లాడింది.

సోమవారం సాయంత్రం అక్క బస్సు దిగగానే మేం చుట్టూ మూగాం. అక్క రోడ్డు మీదే నిలబడి, పొద్దున బస్సెక్కినప్పటి నుంచి జరిగినదంతా ఇంగ్లీషులో చెప్పింది. తడుముకుంది, కానీ ఆగలేదు. మాకు సగమే అర్థమైంది. నౌకరి దొరికిందా అని అడిగాను.

"లేదే. వేరేటోళ్ళకు ఇచ్చిన్రు. గానీ అడిగినవన్నీ చెప్పిన," అంది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

మర్నాడు ఇక ఆట కట్టేననుకుంటూ వెళ్ళాను. చాప పరిచి ఉంది. అక్క అందరికంటే ముందు తానే లేచి నిలబడింది.

వానాకాలం పోయేలోపు మూడో కంపెనీలో ఆమెకు ఉద్యోగం దొరికింది. వాళ్ళ నాన్న ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం నవ్వినందుకు నేను అక్కను క్షమించమని అడగలేదు. మొదట సిగ్గేసింది, తర్వాత సమయం దాటిపోయింది. ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. ఎవరైనా మాట కోసం తడుముకుంటుంటే, అది ఏ భాషైనా సరే, నేను మధ్యలో అందుకోను, నవ్వను. వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా కూర్చుని వింటాను.