ఐదో ముత్తయిదువ

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నాకు ఫోన్ చేసి సలహాలు అడుగుతుంటారు. ఏ లెన్సు కొనాలి, ఏ లైటు మంచిది అని. నాకు చిర్రెత్తుకొస్తుంది. లెన్సుల గురించి చెప్పడానికి ఫోన్ నిండా వీడియోలున్నాయి. చెప్పుల గురించి మీకెవరైనా చెప్పారా? మండపం ఎక్కేటప్పుడు విప్పమంటారు, దిగగానే పరుగెత్తమంటారు. అందుకని సులువుగా ఊడే మెత్తటి చెప్పులు వేసుకోండి. ఒక బ్యాటరీ ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకోండి, ఎందుకంటే సరిగ్గా కావాల్సిన సమయానికి మీ బ్యాగు మీద ఎవరో మేనత్త కూర్చుని ఉంటుంది. పంతులుగారితో పొద్దున్నే మాట కలపండి. జీలకర్ర బెల్లం పెట్టించే ముందు ఆయన మీ వైపు చూసి ఒక్క క్షణం ఆగితే చాలు, మీరు గట్టెక్కినట్టే. భోజనం మొదటి బంతిలోనే కానిచ్చేయండి. ‘తర్వాత తిందురుగానీ’ అన్నవాళ్లెవరూ తర్వాత కనిపించరు.

ఇవన్నీ అడిగినవాళ్లకు అడిగినట్టు చెప్తాను. ఒక్క సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

బోయిగూడ సందులో ఉన్న ఈ స్టూడియో మా ఆయనది. నేను ఆయన వెనక లైటు పట్టుకుని తిరిగి పని నేర్చుకున్నాను. పెళ్లికూతురి గదిలోకి ఆయన వెళ్లలేడు కాబట్టి అక్కడ కెమెరా నాది. ఆరేళ్ల కిందట గుండె ఆగి పోయాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే. మూడో నెలలో స్టూడియో షట్టరు మళ్లీ నేనే ఎత్తాను. మొదటి బుకింగు కుదిరిన వారానికే ఫోన్ వచ్చింది. “మీ పని మంచిగుంటది మేడం. గానీ మా అత్తమ్మ ఒప్పుకుంటలేదు. పెళ్లి గదా,” అంది అవతలి మనిషి. ఫోన్ పెట్టేశాక గానీ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. కెమెరాకు కూడా మొగుడు బతికుండాలా? ఈ రోజుల్లో కూడానా అంటారు మీరు. రండి, నాతో ఒక్క పెళ్లికి వచ్చి చూడండి.

తర్వాతి బుకింగుకు వెళ్తూ, ఫంక్షన్ హాలు మలుపులో స్కూటర్ ఆపి, దాని అద్దంలో చూసుకుంటూ ఒక బొట్టు బిళ్ల పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పని అయ్యాక స్టూడియోకి వచ్చి, మేకప్ అద్దానికి ఒక మూల అంటించేశాను. అప్పటి నుంచి ప్రతి పెళ్లికీ అదే తంతు. అద్దం అంచు పొడుగునా బొట్టు బిళ్లలే.

పొద్దంతా నాలుగు వందల మంది మధ్య తిరుగుతాను. అందరూ ‘ఇటు ఇటు, మమ్మల్ని తియ్యి’ అని చెయ్యి పట్టి లాగేవాళ్లే. ఇంటికొచ్చాక పలకరించే దిక్కుండదు. స్టూడియో పైనే నా గది. అక్కడ కూర్చుని వీడియోలు కత్తిరిస్తుంటే ముక్కూ మొహం తెలియని వాళ్ల మామయ్యలు, బావలు నాకు చుట్టాలయిపోతారు. ఒక పెళ్లి వీడియోలో ఎవరో ఆడమనిషి “తిన్నవా?” అని అడిగిన మాట రికార్డయింది. అడిగింది నన్ను కాదు. అయినా ఆ ముక్క వెనక్కి తిప్పి రెండుసార్లు విన్నాను. ఇంత ఒంటరితనం ఏ పగవాళ్లకూ వద్దు.

కిందటేడాది ఒక అమ్మాయి నేను తీసిన ఫోటోలు ఎక్కడో చూసి, ఫోన్లోనే బుక్ చేసుకుంది. అంతా మాట్లాడుకున్నాక గొంతు తగ్గించింది.

“అక్కా, ఒక్కటే రిక్వెస్ట్. మా అమ్మ ఫోటోలల్ల ఉండాలె. నాన్న పొయ్యినంక ఏ ఫంక్షన్ల సుత ముందుకొస్తలేదు. పిలిస్తే పనున్నదని లోపలికి పోతది. నువ్వే ఎట్లన్న జేసి పట్టుకో. అమ్మ లేని ఆల్బమ్ నాకెందుకు చెప్పు?”

“నీకెందుకమ్మా, నేను చూసుకుంటా గదా,” అన్నాను. నా నోటికేం, ఎంత మాటైనా అంటుంది.

పెళ్లికి ముందు రోజు పొద్దున పసుపు దంచే కార్యం. లాలాగూడలో రైల్వే క్వార్టర్. తలుపు తీసినామెను చూసి గడప బయటే ఆగిపోయాను. ఆమె నాకు తెలుసు. నేను ఆమెకు ఇంకా బాగా తెలుసు.

నాలుగేళ్ల ముందు ఆమె మా స్టూడియోకి వచ్చింది. పోయిన భర్త ఫోటో పటం కట్టించాలి. ఆయనది విడిగా ఒక్క ఫోటో లేదు, ఎవరిదో పెళ్లిలో ఇద్దరూ కలిసి తీయించుకున్నదే ఉంది. “నన్ను తీసేసి ఆయన ఒక్కడినే ఉంచు,” అంది. ఆయన భుజం మీదున్న ఆమె వేళ్లను ఒక్కొక్కటే నేనే చెరిపాను. ఆ పని అయ్యేదాకా ఆమె నా గోడ మీది దండ వేసిన పటాన్ని చూస్తూ కూర్చుంది. “మీ ఆయననా?” అని అడిగింది. అవునన్నాను. “ఆయన నౌకరీ నాకిచ్చిండ్రు, నా బొట్టు తీస్కున్నరు,” అంది. ఇద్దరం చాయ్ తాగాం. అంతే పరిచయం.

ఇప్పుడు గుమ్మంలో ఆమె చూపు నా నుదుటి దగ్గరికి వచ్చి ఆగింది. నా చూపు బోసిగా ఉన్న ఆమె నుదుటి మీద పడింది. నేను కెమెరా బ్యాగు పట్టీ సవరించుకున్నాను.

“రా అమ్మా, లోపలికి రా. చాయ్ తాగుతవా?” అని మాత్రం అంది.

లోపల రోలుకు పసుపు రాసి, రోకలికి మామిడాకులు కట్టి అంతా సిద్ధం చేశారు. పెత్తనమంతా పెళ్లికూతురి పెద్దమ్మది, అంటే తండ్రి అన్నగారి భార్యది. కన్యాదానం కూడా ఆ దంపతులే చేస్తున్నారు. ఆమె ముత్తయిదువలను లెక్కపెట్టి నెత్తి కొట్టుకుంది.

“ఏందీ, నలుగురే ఉన్నరు? ఐదో ఆమె ఏది? మౌలాలి కాడ ట్రాఫిక్ల ఇరుక్కున్నదా? గిట్లయితే ఎట్ల, మంచి టైము దాటిపోతది!” అని నలువైపులా చూసి, నా దగ్గర ఆగింది. “గీ ఫోటో అమ్మ ఉన్నది గదా! బొట్టు పెట్టుకుని లచ్చిందేవి లెక్క ఉన్నది. రా బిడ్డా, ఒక చెయ్యెయ్యి.”

“నేను రోకలి పడితే ఫోటో ఎవరు తీస్తరు పెద్దమ్మా?”

“ఆ మూడు కాళ్ల దాని మీద పెట్టు, గదే తీస్కుంటది. జెర జల్ది రా.”

మింగలేక కక్కలేక అంటారే, అదీ నా పరిస్థితి. వంటింటి గుమ్మంలో ఇందాక తలుపు తీసినామె, పెళ్లికూతురి తల్లి, నిలబడి ఉంది. ఆమె ఒక్క మాట అంటే నా పని అయిపోయినట్టే. బోయిగూడలో, లాలాగూడలో నన్ను మళ్లీ పెళ్లికి పిలిచేవాళ్లుండరు. నడుము నొప్పి అనొచ్చు. ఇంకేదైనా సాకు చెప్పొచ్చు. అవన్నీ కాకుండా ఇంకో మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ‘ఐదో మనిషి కావాలంటే కన్నతల్లి అక్కడే ఉంది కదా, ఆమెను పిలవండి.’ ఆ ఒక్క మాట చాలు. ఆ పిల్ల నన్ను అడిగింది కూడా అదే. వీడియో ఆన్ చేసి కెమెరా స్టాండు మీద పెట్టాను. ఆ మాటను మింగేశాను.

తల్లి నన్నే చూస్తోంది. కాసేపటికి తల కొంచెం వంచింది. కానీయ్ అన్నట్టు.

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవనేల. పట్టాను. అందరూ పాట అందుకున్నారు, పసుపు కొమ్ములు పటపటమన్నాయి, పెళ్లికూతురు పకపకా నవ్వుతోంది. ఎవరో వచ్చి నా రెండు చెంపలకూ పసుపు రాశారు. ఐదేళ్లలో నా ముఖాన్ని ఇంకొకరి చెయ్యి తాకడం అదే మొదలు. ఏడుపు ఆగలేదు. పసుపు కళ్లలో పడిందన్నాను. గుమ్మం వైపు తిరిగి చూడలేదు.

మర్నాడు తిరుమలగిరిలోని హాల్లో పెళ్లి. తల్లి కోసం కెమెరా పట్టుకుని వెతికినచోట వెతక్కుండా వెతికాను. సామాన్ల గదిలో ఒకసారి, వడ్డన దగ్గర ఒకసారి కనిపించింది. కెమెరా ఎత్తేలోపు వెనక్కి తిరిగేది. అప్పగింతలప్పుడు స్తంభం చాటున వీపు ఒక్కటే దొరికింది. నా దొంగతనం తెలిసిన మనిషిని ‘ఇటు తిరగండమ్మా’ అనడానికి నాకు నోరు రాలేదు.

నాకు శకునాల మీద నమ్మకం లేదు. ఉంటే ఈ పని చేయలేను. మరి రోజూ ఆ పిల్ల వాట్సాప్ స్టేటస్ ఎందుకు చూశాను? ఇద్దరూ నవ్వుతున్న ఫోటో పెడితే హమ్మయ్య అనుకునేదాన్ని. ఒకసారి వారం రోజులు ఏమీ పెట్టకపోతే అర్ధరాత్రి లేచి కూడా ఫోన్ తెరిచాను. నా చెయ్యి తగిలిందనా? ఛీ, ఏం బుద్ధి నాది అనుకుంటూనే మళ్లీ చూసేదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి కూడా నాకు మనిషి లేదు.

ఆల్బమ్ పేర్చేటప్పుడు స్టాండు మీది వీడియో తెరిచాను. ఈ సలహా మాత్రం రాసిపెట్టుకోండి. పనికిరాదని ఏదీ అక్కడికక్కడే తుడిచేయకండి. ముందు వరసలో మేం ఐదుగురం, రోకలి. ఆ వెనక గుమ్మంలో ఆమె. మా రోకలి లేచినప్పుడల్లా ఆమె కుడి చెయ్యి పిడికిలి బిగించుకుని కొంచెం లేస్తోంది. మా రోకలి పడినప్పుడు అదీ పడుతోంది. ఉత్త గాలిలో. ఆమెకు తెలిసి చేసినట్టు లేదు. ఆ వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి పేజీ నిండా వేశాను. పెళ్లి మొత్తంలో తల్లి ముఖం కనిపించింది ఆ ఒక్కదాంట్లోనే.

ఆల్బమ్ రెడీ అని ఫోన్ చేస్తే, “నాకు పానం మంచిగ లేదక్కా, అమ్మ వస్తది,” అంది ఆ పిల్ల నీరసంగా. ఎందుకు బాగా లేదని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చింది. నేను అప్పుడే ఒక నిశ్చితార్థం ముగించుకుని వచ్చాను, బొట్టు ఇంకా తీయలేదు.

“బిడ్డకేమైంది?” అన్నాను, కూర్చోమని కూడా అనకుండా.

“ఏం కాలే. మూడో నెల. వాంతులతోని పరేషాన్ అయితుంది, గంతే.”

అప్పుడు గానీ ఆమెకు కుర్చీ వేయాలని నాకు తట్టలేదు. ఆమె ఆల్బమ్ తెరిచింది. పేజీలు తిప్పుతూ పసుపు దంచే ఫోటో దగ్గర ఆగింది. బిగించిన తన పిడికిలి మీద వేలు పెట్టింది.

“ఆ దినం నువ్వు రోకలి పడితే నాకు మస్తు కోపమొచ్చింది. చెప్పేద్దామనుకున్న,” అంది.

“ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే నీ బతుకు ఆగమైతది గదా.” ఇంకో పేజీ తిప్పబోయి ఆగింది. “నీ చెయ్యి తగిలింది, ఏం కాలే. బిడ్డ సల్లగున్నది. మరి నా చెయ్యి తగిలితే ఏమైతుండె?”

గొంతులో కోపం లేదు. బస్సు ఎప్పుడొస్తుందని అడిగినట్టు అడిగింది.

“మిమ్మల్ని పిలవమని ఆ రోజు నేను ఒక్క మాట అనాల్సింది. భయపడ్డాను,” అన్నాను.

“ఎరికే,” అంది.

సిగ్గుతో నా చెయ్యి నుదుటి మీదికి పోయింది. బొట్టు పీకేయబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“తియ్యకు. మంచిగున్నది నీకు.” తర్వాత మేకప్ అద్దం వైపు, దాని అంచున ఉన్న నా బొట్ల వైపు చూసింది. “ఇంకోటున్నదా?”

సొరుగులోంచి కొత్త అట్ట తీసిచ్చాను. అన్నింట్లోకీ చిన్నది ఏరుకుంది. మొదటిసారి కొంచెం పైకి పెట్టుకుంది. తీసి, మళ్లీ సరిగ్గా పెట్టుకుంది. నేను ఏమీ అనకుండానే వచ్చి, ఫోటోలు తీసేచోట ఉన్న స్టూలు మీద కూర్చుంది. కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా స్టూలు కాస్త జరిపాను. నవ్వమని అనలేదు. నవ్వమంటే ఎవరి ముఖమైనా పాడవుతుంది. ఆమె సూటిగా లెన్సులోకే చూసింది. తీశాను.

కెమెరా తెర మీద చూపించాను. రెప్ప వేయకుండా చూసుకుంది.

“బిడ్డకు పంపనా?”

“వద్దు. నీ కాడనే ఉండనియ్యి.”

లేచి అద్దం దగ్గరికి వెళ్లింది. బొట్టు తీసి, నా బొట్ల పక్కన అంటించి, ఊడకుండా వేలితో అదిమింది. కొంగుతో నుదురు తుడుచుకుంది. ఆల్బమ్ సంచిలో పెట్టుకుని, బస్సు టైమయిందని వెళ్లిపోయింది.