మామకు వినపడనివ్వని చప్పుడు

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను హోసూరు ఫ్లైఓవర్ కింద కంపెనీ బస్సులో ఉన్నాను. ముందు లారీలు, వెనక లారీలు, సందు దొరికిన చోటల్లా షేర్ ఆటోలు. "మీ మామ షెడ్డులోనే కూలబడినాడప్పా. ఆస్పత్రికి పోయేలోపలే అయిపోయింది" అంది. దిగిపోతానంటే డ్రైవర్ తలుపు తీయలేదు. నడిరోడ్డులో దించకూడదట. ముప్పావుగంట ఆ సీట్లోనే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇక చెప్పలేను కదా అన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతూ ఉండింది.

ఏం చెప్పలేకపోయానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. కెలమంగలం రోడ్డులో కార్ల షెడ్డు పెట్టి ముప్పై ఏళ్లు నడిపాడు. గిరాకీలతో తమిళం, స్పేర్‌పార్టుల కొట్టువాడితో కన్నడం, ఇంజన్‌తో మాత్రం తెలుగు. బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "చెప్పప్పా, యాడ నొప్పి?" అని అడిగేవాడు. నేను నవ్వితే కసిరేవాడు. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ప్లాంటులో ఉద్యోగం వచ్చింది కూడా ఆ చలవ వల్లే.

"పార్టు మార్చేది ఎవడైనా చేస్తాడు అల్లుడా. ఏది మార్చకూడదో తెలుసుకోవాల" అనేవాడు. ఏ బండి వచ్చినా ముందు తానే తోలి చూడాలి. రేడియో వద్దు, ఏసీ వద్దు, అద్దాలు దించాలి, పక్కన కూర్చున్నవాడు నోరు మూసుకోవాలి. జబ్బు తన కళ్లముందు బయటపడేదాకా ఒక్క బోల్టు కూడా విప్పేవాడు కాదు.

అలాంటి మనిషిని నేను ఎనిమిది నెలలు తిప్పలు పెట్టాను.

నేను సెకండ్‌హ్యాండులో ఒక టర్బో కారు కొన్నాను. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసే చిన్న చక్రం. మామ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "మంచి బండి. దీన్ని కెలకొద్దు" అన్నాడు. కెలకొద్దంటే ఆగే వయసా నాది? పెద్ద టర్బో వేయించాను. బెంగళూరులో ఒకడి దగ్గర కంప్యూటర్ సెట్టింగులు మార్పించాను. బండితో వచ్చిన వాల్వు తీసి ఇంకో వాల్వు నా చేతులతో నేనే బిగించాను. కాలు పెడల్ మీది నుంచి తీయగానే మిగిలిన గాలిని అది 'ఉష్‌ష్' అని బయటికి వదులుతుంది. ఆ చప్పుడు కోసమే పెట్టాను. దారిన పోయేవాళ్లు తిరిగి చూస్తుంటే భలే సంబరంగా ఉండేది, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

నెల తిరక్కముందే బండి ఆగిపోవడం మొదలైంది. మలుపు దగ్గర కాలు తీస్తే చాలు, ఇంజన్ చప్పున చచ్చేది. స్టీరింగ్ బిగుసుకునేది, బ్రేకు రాయిలా అయ్యేది. వేప్పనపల్లి నుంచి అమ్మను వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు కృష్ణగిరి తీసుకుపోయేది ఆ కారులోనే. ఇంకో బండి లేదు.

మామ దగ్గరికి పోక తప్పలేదు. పెద్ద టర్బో సంగతి పైకి తెలియదు, ఆ వాల్వు మాత్రం చూస్తే తిడతాడు. అందుకని షెడ్డుకు పోయే ముందు దాన్ని విప్పి డిక్కీలో చాప కింద దాచి, పాతది బిగించి పోయాను. బండ్లు కెలికే మాలాంటివాళ్లందరం చేసే పనే ఇది. వేషమంతా తీసేసి బుద్ధిమంతుడి బండిలా తయారుచేసి పెద్ద మెకానిక్‌కు చూపిస్తాం.

మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కెలమంగలం దాకా తోలాడు. ప్రతి స్పీడు బ్రేకర్ దగ్గరా కాలు తీసి చెవి రిక్కించాడు. బండి ఆగలేదు. "నా దగ్గర ఆగడంల్యా అల్లుడా. నీ దగ్గరే యాల ఆగుతాది?" అన్నాడు. ఏమో మామా అన్నాను. తన నియమం పక్కనపెట్టి, నా కోసం, అమ్మ కోసం, ఇంజన్‌లోకి గాలి పోయే థ్రాటిల్ విప్పి శుభ్రం చేశాడు. ఆయన చేయి పడింది, బాగైపోయిందనుకున్నాను. ఆదివారం మళ్లీ నా వాల్వు బిగించుకున్నాను. బుధవారానికి బండి మళ్లీ ఆగింది.

ఇలా మూడుసార్లు. రెండోసారి పెట్రోల్ పంపు విప్పి చూశాడు. మూడోసారి గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడైనా కారుతోందేమోనని వెతికాడు. అంత తెలివిగలవాడివి నీకైనా తట్టలేదా అంటారు. తట్టలేదు. వాల్వుకూ దీనికీ సంబంధం లేదని బెంగళూరువాడు చెప్పిన మాట నాకు తీపిగా ఉండింది, నమ్మేశాను.

చివరికి కృష్ణగిరి హైవే ఎక్కేచోట, రెండు లారీల మధ్య, అమ్మ వెనక సీట్లో ఉండగా ఆగింది. వెనక లారీ హారన్ ఆపకుండా కొడుతోంది. తలుపు తీసే సందు కూడా లేదు. "ఏమైందప్పా? దిగిపోదామా?" అని అమ్మ అడుగుతోంది. యాడికి దిగేది? ఏడోసారి తాళం తిప్పితే స్టార్టయింది.

అమ్మను లోపల పడుకోబెట్టి వచ్చి ఆస్పత్రి బయట కారులో కూర్చున్నాను. మామలాగా ఆలోచించాను, అదే మొదటిసారి. ఆగిన ప్రతిసారీ ముందేం జరిగింది? ఉష్‌ష్. లోపలికొచ్చే గాలిని బండి ముందే లెక్కపెట్టుకుంటుంది, ఆ లెక్కకే పెట్రోల్ పోస్తుంది. లెక్కయిపోయిన గాలిని నేను బయటికి వదిలేస్తున్నాను. పదిమందికి వండిన అన్నం నలుగురికి కుక్కి పెట్టినట్టు, ఇంజన్ పెట్రోల్‌తో ఉక్కిరిబిక్కిరై ఆగిపోతోంది. పాత వాల్వు బిగించాను. మళ్లీ ఏనాడూ ఆగలేదు.

ఆ సాయంత్రమే పోయి కాళ్లు పట్టుకోవాల్సింది. పోయాను కూడా. షెడ్డు ముందు ఎవరిదో టర్బో బండి ఉంది. మామ చేతులు తుడుచుకుంటూ ఆ బండాయనతో అంటున్నాడు: "వద్దప్పా, బెంగళూరు తీసుకుపో. ఈ కొత్త బండ్లు నాకు వినపడడంల్యా. చెవి పోయినట్టుండాది." అది నా వల్లేనని తెలిసీ చెప్పే ధైర్యం చాలలేదు. "బండి దానంతట అదే బాగైంది మామా" అన్నాను. ఆయన నన్నే చూస్తూ, "దానంతట అది బాగయ్యే బండి ల్యా" అన్నాడు.

ఆ తర్వాత టర్బో బండ్లు తీసుకోవడం మానేశాడు. కనపడినప్పుడల్లా "మళ్లా ఆగిందా?" అని అడిగేవాడు. పెళ్లిళ్లలో, సంతలో, అమ్మ మంచం పక్కన. లేదు మామా అనేవాణ్ణి. ఈ వారం చెబుదామనుకుంటే అది పోయిన వారం కంటే కష్టంగా ఉండేది. కారు అమ్మేశాను, అయినా ఆ లారీల మధ్య నుంచి బయటపడలేదు. రెండేళ్లు అలాగే ఉన్నాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక బంధువులందరం షెడ్డు ముందు కూర్చున్నాం. ఒకాయన టర్బో కారు తెచ్చి, ఇంజన్ ఆపకుండానే దిగి, మామ పోయిన సంగతి తెలియక, "మేస్త్రీ లేడా? బండి మధ్యమధ్యలో ఆగిపోతాది" అన్నాడు.

అత్త లేచింది. "ఆయప్ప పోయినాడు నాయనా. ఉన్నా ఈ బండ్లు చూస్తా ఉండ్లా. రెండేండ్లుగా చెవి పోయింది ఆయనకు" అంది. పెద్దవాళ్లంతా అవునన్నట్టు తలలూపారు.

"చెవి పోలేదత్తా" అన్నాను. అందరి ముందే మొత్తం చెప్పాను, డిక్కీలో చాపతో సహా. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పదకొండు రోజులుగా కన్నీటిచుక్క రాల్చని అత్త మెల్లగా షెడ్డు గడప మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"అయితే మీ మామ చెవి బాగానే ఉండెనా?" అంది.

"బాగానే ఉండె అత్తా."

మళ్లీ అదే అడిగింది. నేను మళ్లీ అదే చెప్పాను. మూడోసారి అడుగుతూ ఏడ్చేసింది. వచ్చినాయన ఏం చేయాలో తెలియక పక్కనే నిలబడ్డాడు. ఆయన కారు షెడ్డు ముందు ఆన్‌లోనే ఉంది, వినేవాళ్లు లేక అలాగే కొట్టుకుంటోంది.